రుమాలు రెండో కొస

పోయిన వారం మా పుట్టింటి ఊరి మనిషి ఒకాయన ఎమ్మిగనూరు సంతకు వచ్చి, పనిలో పనిగా మా గడప తొక్కాడు. మజ్జిగ తాగాడు. వాన పడలేదన్నాడు. ఎద్దు కాలు విరిగిందని, దాన్ని ఏం చేసుకోవాలో తోచడం లేదని చాలాసేపు చెప్పాడు. అంతా అయ్యాక వాకిట్లో చెప్పుల్లో కాళ్ళు పెడుతూ, "మీ రుమాలు మామ పోయినాడు పాపా, అమాస ముందర. మీ తమ్ముడే కొరివి పెట్టినాడు. నీకు సెప్పి రమ్మన్నాడు" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎద్దు కాలు సంగతి ముందు చెప్పి, మనిషి పోయిన సంగతి వాకిట్లో చెప్తారా ఎవరైనా? ఏదో అనబోయి ఆయన మొహం చూసి ఊరుకున్నాను. ఆ కబురు చెప్పడానికే వచ్చి, నోరు పెగలక ఎద్దు చుట్టూ తిరిగినట్టున్నాడు పాపం. ఆయన పెళ్ళికి రుమాలు కట్టింది కూడా మామే.

మా పక్క రుమాలంటే తలపాగా. జేబులో పెట్టుకుని ముక్కు తుడుచుకునే గుడ్డ అనుకునేరు, మామ వింటే ఊరుకునేవాడు కాదు. పెళ్ళికొడుకు తలకు చుట్టే రుమాలు తెల్లగా, పల్చగా, నడవ పొడవునా పరిచినా ఇంకా మిగిలేంత ఉంటుంది. ఒక కొసన జరీ అంచు. కోసిగి చుట్టుపక్కల మా ఊళ్ళలో, అటు హాలహర్వి దాకా, పెళ్ళికొడుకును ముస్తాబు చేయాలంటే ఆయన రావలసిందే. అది ఆయన కులవృత్తీ కాదు, కూలికి చేసే పనీ కాదు. మా ఎదురింట్లో ఉండే చిన్న రైతు. వానొస్తే జొన్నలు, రాకపోతే ఆకాశం వైపు చూపులు. పిల్లలు లేరు. మా అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచేది గనక మాకు మామ. పోనుపోను ఊరంతటికీ రుమాలు మామ అయ్యాడు.

తనకు మాత్రం మోకాళ్ళ దాకా ఒక ముతక పంచె, వెలిసిపోయిన ఎర్ర రుమాలు. ఆ రుమాలును తలకు ఎప్పుడూ సరిగ్గా చుట్టుకోలేదు. అదే మనిషి పెళ్ళికొడుకు దగ్గరికొస్తే తాసిల్దారు అయిపోయేవాడు. ముందు పంచె. గోచిపోసి కట్టి, ముందరి కుచ్చిళ్ళు పాదాల మీద పడీ పడనట్టు ఉండాలని మోకాళ్ళ మీద కూర్చుని అరచేతులతో ఒక్కొక్కటీ నొక్కేవాడు. ఆ తర్వాత పెళ్ళికొడుకు వాకిలి చివరి దాకా నడిచి రావాలి. కుచ్చి ఒక్కటి కాలికింద పడితే మొత్తం విప్పి మొదటికి. ముహూర్తం దగ్గరపడుతోంది, పిల్లవాడు పొద్దుటినుంచి ఉపవాసం ఉన్నాడు, కాస్త చూసీ చూడనట్టు పోనివ్వమని ఎవరైనా అంటే, నేను కూడా తినలేదుగా అనేవాడు. శుభ్రంగా సంగటి తినే వచ్చేవాడు. ఆ సంగతి మాకందరికీ తెలుసు.

ఒకసారి ఆదోనిలో ఒక పత్తి వ్యాపారి కొడుకు పంచె మీద కోటు తొడుక్కుంటానని పట్టుబట్టాడు. ఉత్తరీయం ఏం చేస్తావయ్యా అంటే మడిచి చేతి మీద వేసుకుంటానన్నాడు. మామ రుమాలు కట్టి, వెనక్కి జరిగి, తేరిపార చూసి, "పైన పెండ్లికొడుకు, కింద కోర్టు అమీనా" అన్నాడు. ఆడవాళ్ళు నవ్విన నవ్వుకు కోటు దానంతటదే ఊడింది.

రుమాలు కట్టేటప్పుడు ఆయన ఒక కొసను పళ్ళ మధ్య కరిచి పట్టుకునేవాడు. మొదటి చుట్టు మొదలైనప్పటినుంచీ చివరి మడత దోపే దాకా నోట మాట ఉండదు. ఊళ్ళో వాళ్ళు ఆ సందు కోసమే కాచుకుని ఉండేవాళ్ళు. ఆయన ఎద్దుల్ని, ఆయన చేనును, ఆయన పిసినారితనాన్ని, అన్నిటినీ అప్పుడే ఏకేవాళ్ళు. ఆయన కళ్ళు ఉరిమేవి, చేతులు తిరుగుతుండేవి. చివరి మడత దోపి నోరు ఖాళీ అయ్యాక, ఎవరెవరు ఏమన్నారో ఆ వరుసనే ఒక్కొక్కరికీ వడ్డించేవాడు. ఒక్కరిని మరిచిపోయినట్టు నేనెరగను.

ఇక రెండో కొస అత్త చేతిలో ఉండేది. అత్తంటే మామ పెళ్ళాం. మగవాళ్ళ ముస్తాబు దగ్గర ఆడవాళ్ళకేం పని అని మీరు అడగవచ్చు. మా వైపు పద్ధతి అది. పెళ్ళికొడుకు రుమాలు కట్టేవాళ్ళకు జోడు ఉండాలి. మొగుడు ఒక కొస, పెళ్ళాం ఒక కొస పట్టి కట్టిన రుమాలైతేనే ఆ పిల్లవాని కాపురం నిలుస్తుందని నమ్మకం. పెళ్ళాం పోయిన మగవాడు ఎంత పనివాడైనా పెళ్ళికొడుకు తల ముట్టడు. అత్త నడవ ఆ చివర నిలబడి గుడ్డను బిగదీసి పట్టుకునేది. మామ ఈ చివర మెలి తిప్పుతూ చుట్టేవాడు. చుట్టు పడ్డ కొద్దీ గుడ్డ తరిగేది, గుడ్డ తరిగిన కొద్దీ అత్త ఒక్కో అడుగూ ముందుకు వచ్చేది. ఆఖరికి ఇద్దరూ పెళ్ళికొడుకు ముందు భుజం భుజం తగిలేలా నిలబడేవాళ్ళు. అప్పుడు ఆమె తన చేతిలోని కొసకు పసుపు అద్ది ఇచ్చేది, ఆయన దోపేవాడు.

నా పెళ్ళికీ మా అత్తవారింటికి వచ్చి వాళ్ళే కట్టారు. మా ఆయన ఎమ్మిగనూరులో పంచెల అంగట్లో గుమాస్తా. గుడ్డ సంగతి మాకు తెలియనిదా అని కాస్త టెక్కు పోతే, మామ నోట్లోని కొస తీయకుండానే మా ఆయన తలను రెండు చేతులతో పట్టి నిటారుగా తిప్పాడు. నేను తలుపు వెనకనుంచి చూస్తున్నాను. అత్త గుడ్డ పట్టుకుని ఒక్కో అడుగూ జరుగుతూ ఊళ్ళో కబుర్లన్నీ చెప్పుకుపోతోంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "మీ మామ నోట్లో కొస ఉన్నంతసేపేనే నాకు మాట్లాడే సందు" అని చెవిలో చెప్పింది. శబ్దం లేకుండా, భుజాలు మాత్రం ఎగరేస్తూ నవ్వే మనిషి ఆమె. ఇప్పటికీ ఎవరైనా అలా నవ్వితే తిరిగి చూస్తాను.

మమ్మల్ని బళ్ళారి జిల్లానుంచి కర్నూలు జిల్లాలో కలపడానికి కొంచెం ముందు మాట ఇది. ఆ ఏడు వానలు బొత్తిగా లేవు. కరువొస్తే మా ఊళ్ళవాళ్ళు సుగ్గికి పోతారు. కోసిగిలో రైలెక్కి, రాయచూరు అవతల పంటలున్న చోట్లకు గుంపులుగా పోయి, పత్తి తీసి, కోతలు కోసి తిరిగొస్తారు. మామకూ అత్తకూ ఇద్దరికీ పోవాలనే ఉండింది. ఎద్దులకు గడ్డి లేదు, నెలల తరబడి వాటిని చూసే దిక్కూ లేదు. ఎద్దులమ్మితే మళ్ళీ కొనలేరు. నువ్వుండు, నేను పోయొస్తానని అత్తే అంది. ఆమె గుంపుతో పోయింది, ఆయన ఎద్దుల దగ్గర ఉండిపోయాడు.

గుంపులో వాంతిభేది పడింది. గుడిసెలు వేసుకున్న చోటునుంచి ఎక్కడివాళ్ళక్కడ చెదిరిపోయారు. తిరిగొచ్చిన వాళ్ళలో అత్త లేదు. జబ్బు పడిందని, ఎవరిదో బండిమీద ఆస్పత్రికి వేసుకుపోయారని ఒకరన్నారు. ఆ బండి దారిలోనే ఆగిపోయిందని విన్నామని ఇంకొకరన్నారు. కళ్ళతో చూసినవాళ్ళు లేరు. మామ ఎద్దుల్ని మా తమ్ముడికి అప్పజెప్పి రాయచూరు పోయాడు. ఆస్పత్రి, ఆ పక్క ఊళ్ళు అన్నీ తిరిగి, గడ్డం పెంచుకుని తిరిగొచ్చాడు. శవం లేదు, గుర్తు లేదు. పెద్దవాళ్ళు నచ్చజెప్పబోయారు. కర్మ చేసుకో నాయనా అన్నారు. ఆయన ఒకటే మాట అన్నాడట: "సచ్చిపోయింటే సూసినోడు ఎవడన్నా రావల్ల. వచ్చి నా మొగాన సెప్పల్ల." ఎవరూ రాలేదు. గడ్డం తీయించుకుని, మళ్ళీ పెళ్ళిళ్ళకు బయల్దేరాడు.

ఇక్కడ వచ్చింది చిక్కు. ఆయన్ని పెళ్ళికి పిలిస్తే అత్త బతికి ఉన్నట్టు. పిలవకపోతే లేనట్టు. రుమాలు కట్టించుకునే ప్రతి ఇల్లూ ఆ సంగతి తేల్చి చెప్పాల్సి వచ్చింది. మొదట్లో ఊరు ఆయన పక్షానే నిలబడింది. ఆయన పోయి, రెండో కొసను నడవలోని కంబానికి కట్టి, ఈ చివరనుంచి చుట్టుకొచ్చేవాడు. మేం పట్టుకుంటామని ఎవరైనా ముందుకొస్తే చేత్తో పక్కకు నెట్టేవాడు. అది ఆమె కొస. కంబం అడుగులు వేయదు కదా, గుడ్డ తరిగిన కొద్దీ పెళ్ళికొడుకే పీటతో సహా కంబం వైపు జరగాల్సి వచ్చేది. పిల్లలు నవ్వేవాళ్ళు. పెద్దలు నవ్వలేక, ఆపలేక తల తిప్పుకునేవాళ్ళు. ఆయన నోట్లో కొస ఉన్నప్పుడు హాస్యమాడే వాళ్ళు ఒక్కరూ లేకపోయారు.

తర్వాత మెల్లగా పిలుపులు తగ్గాయి. ఆయన మొహాన ఎవరూ ఏమీ అనలేదు. ఆదోనినుంచి ముందే చుట్టిన పేటా రుమాలు తెచ్చుకున్నామని ఒకరు, మా వియ్యాలవారి మనిషి కడతాడట అని ఒకరు తప్పుకున్నారు. ఒకసారి నేను పుట్టింట్లో ఉండగా పక్క వీధిలో పెళ్ళి జరుగుతోంది. హాలహర్వినుంచి ఎవరో దంపతుల్ని పిలిపించుకున్నారు. మేళం వినపడుతోంది. మామ తన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తన ఎర్ర రుమాలు తీసి మోకాలికి చుడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ చుడుతున్నాడు. నేను మజ్జిగ తీసుకుపోతే, వాళ్ళు ముహూర్తం దాటించేటట్టున్నారే అన్నాడు. ఆ పూట నేను వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

అంతలో మా తమ్ముడి పెళ్ళి కుదిరింది. అమ్మాయిది దేవనకొండ. మా పక్క పెళ్ళి మగపిల్లవాడి ఇంటి దగ్గరే. తమ్ముడు సగం మా ఇంట్లో, సగం మామ ఇంట్లో పెరిగిన మనిషి. అత్త చేత్తో తిన్న ముద్దలే ఎక్కువ. మా నాయన పోయాక మడక పట్టి దున్నడం నేర్పింది మామే. మామ కట్టకపోతే తనకు రుమాలే వద్దని తమ్ముడు తెగేసి చెప్పాడు. మా పెదనాయన వాళ్ళు భగ్గుమన్నారు. ఒక్కగానొక్క మగపిల్లవాడు, కోరి అపశకునం తెచ్చుకుంటారా అన్నారు. అమ్మకు కంటిమీద కునుకు లేదు. పిలిస్తే కొడుకు కాపురానికి ఏమవుతుందోనని భయం. పిలవకపోతే వదినను తన చేత్తో చంపినట్టవుతుందని బాధ.

చివరికి అమ్మే తేల్చింది. "మీ నాయన పోయిననాడు ఊరంతా సుట్టూ కూసుంటే గుండెలు బాదుకోని ఏడ్సినా. ఆయప్పకు ఆ ఏడుపు గూడ లేకపాయె. పోయి పిలువు" అంది. నేను అక్షింతలు పట్టుకుని ఎదురింటికి పోయాను. ఆయన అక్షింతలు కళ్ళకద్దుకున్నాడు. రుమాలు ఎక్కడిదని అడిగాడు. ఎమ్మిగనూరునుంచి మేమే తెచ్చామంటే గుడ్డను వేళ్ళ మధ్య నలిపి చూసి, మీ ఆయన ఇన్నాళ్ళకు ఒక మంచి పని చేశాడన్నాడు. పాత మామ కనబడ్డాడని సంబరపడుతూ ఇంటికి వచ్చాను.

పెళ్ళినాడు తలంటి పోసుకుని అందరికంటే ముందే వచ్చాడు. తమ్ముడికి పంచె కట్టాడు. ఎర్ర అంచు తెల్ల పంచె, కుచ్చిళ్ళు ఒక్కొక్కటీ నొక్కి, వాకిలి చివరి దాకా నడిపించి, తిప్పించి, ఒక్కసారికే చాలన్నాడు. అది ఎప్పుడూ జరగనిది. ఉత్తరీయం భుజాన సర్ది పీటమీద కూర్చోబెట్టాడు. రుమాలు విప్పి ఒక కొసను కంబానికి ముడివేశాడు. ఇంకో కొస పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. దేవనకొండ వాళ్ళు ఒకరి చెవులు ఒకరు కొరుక్కుంటున్నారు. అమ్మ తన మొహం కనబడకుండా గదిలో తలుపు వారగా నిలబడింది.

మొదటి చుట్టు సగంలో ఆయన చేతులు ఆగిపోయాయి. కొస జారిందేమో అనుకున్నాం. ఆయన తమ్ముడి మొహం చూస్తున్నాడు. తమ్ముడు తలెత్తి ఆయన్ని చూసి నవ్వాడు. ఆయన నోట్లోని కొస తీశాడు.

"వీనికి నేను కట్టను" అన్నాడు.

తమ్ముడు మామా అంటూ పీటమీదినుంచి లేవబోయాడు. ఆయన వాడి భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "జోడు ఉన్నోల్లు కట్టల్ల నాయనా" అన్నాడు. తలమీది సగం చుట్టును విప్పి, కంబం దగ్గరికి పోయి ముడి విప్పబోయాడు. ముడి రాలేదు. కాసేపు దానితోనే పెనగులాడాడు. ఎవరమూ ముందుకు పోలేకపోయాం. విప్పాక ఆ కొస తెచ్చి నా చేతిలో పెట్టాడు. రెండోది మా ఆయనకిచ్చాడు.

మా ఆయన పంచెలు మడత పెట్టగలడు గానీ రుమాలు కట్టడం ఏనాడూ ఎరగడు. మామ నడవ గుమ్మం దగ్గరికి పోయి, మావైపు వీపు పెట్టి, వీధి వైపు తిరిగి నిలబడ్డాడు. అక్కడినుంచే చెప్పాడు. కుడిపక్కనుంచి తీసుకో. చెవి మీదుగా పోనీ. ఇప్పుడు మెలి తిప్పు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చుట్టు ఎక్కడిదాకా వచ్చిందో చూడకుండానే ఆయనకు తెలుస్తోంది. నేను బిగదీసి పట్టుకుని నిలబడ్డాను. గుడ్డ నన్ను ముందుకు లాగుతోంది. ఒక్కో అడుగూ పోతున్నాను. అత్త ఇన్ని పెళ్ళిళ్ళలో నడిచిన నడక ఇదా అనుకునేసరికి కళ్ళు నిండి ఎదురుగా మా ఆయన మొహం కూడా ఆనలేదు. నేను పక్కకు చేరిన సంగతి మామకు ఎలా తెలిసిందో, "పసుపు అద్దియ్యి పాపా" అన్నాడు. రుమాలు కాస్త వంకరగానే వచ్చింది. ఆయన వచ్చి సరిచేస్తాడేమోనని చూశాను. రాలేదు.

పెళ్ళి జరిగినంతసేపూ మా ఎద్దుల కొట్టం పక్కన కూర్చున్నాడట. తలంబ్రాలు అయిపోయి, అక్షింతలు వేయడం ముగిశాక లేచి, ఊరి బయటి బావికి పోయి, కట్టుగుడ్డలతోనే తలమీద నీళ్ళు పోసుకున్నాడు. నీళ్ళకు పోయిన ఆడవాళ్ళు చూసి, బిందెలు అక్కడే వదిలి పరిగెత్తుకొచ్చారు. తడిబట్టలతో ఆయన మా వీధిలోకి రాకుండా వెనకదారిన తన ఇంటికి పోయాడు. పెళ్ళి ఇంటినుంచి బొట్టున్న ఆడది ఎవరూ ఆ మైల గడప తొక్కకూడదు. అమ్మే లేచింది. నాకు అడ్డం ఏముంది అంటూ, పెళ్ళికొడుకు తల్లి, పెళ్ళి భోజనాలు వడ్డిస్తుండగా పోయి ఆయన ముందు నేలమీద కూర్చుంది. నేను ఉండబట్టలేక వెనకాలే పోయి గడప బయట నిలబడ్డాను.

"ఇన్నాళ్ళూ తెలిసే కట్టినావా అన్నా?" అని అమ్మ అడిగింది.

"తెలీదు సెల్లీ. సేతిలో రుమాలు ఉన్నంతసేపు ఆమె ఆ సివర ఉన్నట్టే ఉంటుండె. ఈ పొద్దు వాడు నన్ను సూసి నగినాడు. వాని తలమీద నా అబద్ధం పెట్టలేకపోతి" అన్నాడు.

అని, అప్పుడు ఏడ్చాడు. అంత పెద్ద మనిషి అట్లా ఏడవడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. మేళం వాళ్ళకు ఏమీ తెలియదు, వాళ్ళు వాయిస్తూనే ఉన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఆయనతోపాటు ఏడ్చింది. వదినకోసం ఇన్నాళ్ళూ ఆపుకున్నది అంతా ఏడ్చింది.

కర్మ చేయించడానికి వచ్చిన అయ్యవారు తిథి ఏదని అడిగాడు. పోయిన రోజు తెలియని మనిషికి, పోయిందని విన్న రోజే తిథి అవుతుందట. ఎప్పుడు విన్నావు అంటే, మా వాని పెళ్ళినాడు అన్నాడు మామ. ఎవరు చెప్పారంటే, నేనే చెప్పుకున్నానన్నాడు. అయ్యవారు ఆ తిథే రాసుకున్నాడు. అట్లా మా తమ్ముడి పెళ్ళిరోజూ అత్త ఏటి దినమూ ఒక్కటే అయ్యాయి. దేవనకొండ వాళ్ళు మొదట్లో గొణిగారు. మా మరదలు కూడా మొదటి ఏడు మొహం ముడుచుకుంది. ఆ పూట తమ్ముడు ఒంటిపూట ఉండి, ఎదురింటికి పోయి, మామ పక్కన కూర్చుని విస్తరి వేసేవాడు. రెండో ఏటినుంచి వంట మరదలే చేసి పంపింది. మామ మళ్ళీ ఏ పెళ్ళికీ పోలేదు. పిలిచినవాళ్ళూ లేరు.

నిన్న తమ్ముడు మళ్ళీ మనిషిని పంపాడు. అత్త దినం వచ్చే నెలలో పడుతోంది. ఈసారి ఆమెతోపాటు మామకూ అదే రోజు పెడతానన్నాడట. ఆయన పోయిన తిథి వేరే ఉంది కదయ్యా, అప్పుడు పెట్టాలి గానీ అని అయ్యవారు అడ్డం చెప్పాడట. ఆయన తిథి ఆయనకు పెడతాను, ఈ రోజు మాత్రం ఇద్దరికీ జోడుగా పెట్టాల్సిందేనని తమ్ముడు పట్టుబట్టాడట. మమ్మల్ని ఇద్దర్నీ తప్పకుండా రమ్మన్నాడు. మా ఆయన అంగట్లో సెలవు అడిగాడు. పోతున్నాం.